ఎడమ మూల ఎత్తినోడు

పాశమైలారం నుంచి ఇంద్రేశం పోయే లోపలి తొవ్వల ఒక మూతబడ్డ కంపెని ఉన్నది. దాని గేటు ముంగట కాంటా ఉన్నది — లారీని సరుకుతోటే ఎక్కించి తూకం వేసే పెద్ద ఇనుప పలక. కంపెని బందయి ఏండ్లయింది. చుట్టూ గడ్డి మొలిచింది, పక్కనున్న రూముకు కిటికీలు ఊడినయ్. పలక మాత్రం అట్లనే ఉన్నది.

చీకటి పడ్డదంటె ఆడ ఎవ్వలూ బండి ఆపరు.

ఏమున్నదని అడిగితె ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తరు. డీసీఎం వ్యాన్ల డ్రైవర్లు ఆడమనిషి అంటరు. ఒడిశా నుంచొచ్చిన లేబర్లు తలకాయ లేని మొగమనిషి అంటరు. ఇంద్రేశంల పాలు పోసే ఆయన అయితె అయి రెండు దయ్యాలు, మొగుడూ పెండ్లాలు, తెల్లారేదాక కొట్లాడుకుంటయని ఒట్టేసి చెప్తడు. కని అందరూ ఒప్పుకునే మాట ఒక్కటున్నది — ఆడ ఆగిన బండి ఎంత బరువుతోటి ఆగిందో అంతే బరువుతోటి కదలదు.

ఎనకనుంచి... ఏదో ఎక్కుతది.

మొగులయ్యకు అయిన సంగతి చెప్త ఇనున్రి. ఆయన చెప్పింది చెప్పినట్టు, వంటాయన యాకూబ్ భాయ్ కలిపింది కలిపినట్టు.

మొగులయ్యది కొండాపూర్ దిక్కు పల్లె. ఇంద్రేశంల కొత్త లేఅవుట్ల ఇల్లు కట్టుకున్నడు. ఆయనకొక చిన్న డబ్బా బండి ఉన్నది. ముంగట ఇద్దరు కూసునే క్యాబిను, ఎనక నాలుగు దిక్కుల రేకు, పైన రేకు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఎనక ఒక్కటే డోరు. దానికి పైన డోరు మడిచే ఇనుప కబ్జాలు రెండు, కింద రెండు కొక్కేలు. నూకితె పైకి లేస్తది, గుంజితె కిందికొచ్చి పడ్తది. పగలంత కంపెనీలకు అట్టపెట్టెలు మోస్తడు.

ఆ పొద్దు పగటీలి ఒక గోదాముల ఫోర్క్‌లిఫ్ట్ ఎనకకొచ్చి ఆ డోరును గుద్దింది. ఎడమ కబ్జా వంగింది. డోరు ఎడమ మూల వేలెడు కిందికి జారింది. కుడి కొక్కెం పడితె ఎడమది పడదు. ఎడమదాన్ని కొట్టి పడేస్తె కుడిది ఊడుతది.

సొట్టలు తీసే డెంటర్ దగ్గరికి పోతె, "రేపు తీసుకరా అన్నా" అన్నడు.

రేపటిదాక ఆగే పని కాదాయె. ఆ మాపటికే మొగులయ్య బిడ్డ తనుశ్రీ నిశ్చితార్థం. పిల్లగాడు వెంకట సాయి మంచోడు. భయమంత పిల్లగాని తండ్రి ప్రభాకర్‌తోటి. పోయినేడు వాళ్ల తమ్ముని కొడుక్కు కుదిరిన సంబంధాన్ని, దావత్‌ల కూర సల్లారిందని కంచం ముంగటనుంచి లేచి ఎత్తగొట్టుకొచ్చిన మనిషి ఆయన.

వంట యాకూబ్ భాయ్‌ది. పాశమైలారం ఊర్ల ఆయన చెయ్యి వేసిన బగారా అన్నం అంటె మనుషులు పనులు బంద్‌వెట్టి వస్తరు. అన్నం కూర వండిన గంజులు తెచ్చుటానికి కిరాయి బండి మాట్లాడుమని మొగులయ్య పెండ్లాం మల్లమ్మ మొత్తుకున్నది.

"ఇంట్ల బండి వెట్టుకొని కిరాయి బండెందుకే?" అన్నడు మొగులయ్య.

"ఆ డోరు పడ్తలేదు గదయ్యా..."

"తాడుతోటి కడ్తే గదే పడ్తది."

ఇగ ఆయన మాటే మాట.

పొద్దుగూకినంక పాశమైలారంల గంజులెక్కించిన్రు. బగారా గంజు, మటన్ గంజు, పెరుగు చట్నీ బకెట్లు. డోరుకు తాడు కట్టిన్రు. యాకూబ్ భాయ్ డబల్ కా మీఠా పల్లాన్ని ఎవ్వల చేతికియ్యడు. అంచులదాక పాకమున్న పల్లెం అది. ఒళ్లె పెట్టుకొని ముంగట సీట్ల కూసున్నడు.

"మెల్లగ పోనియ్ మొగులయ్యా. ఒక్క చుక్క ఒలికినా నా పయిజామాకు చీమలు పడ్తయ్."

"కాంటా తొవ్వల పోదామా భాయ్? జల్దీ అయితది."

యాకూబ్ భాయ్ కండ్లు మూసుకున్నడు. పెదవులు మాత్రం కదులుతున్నయ్. దువా మొదలువెట్టిండు.

కాంటా కాడికి వచ్చేసరికి తొవ్వల ఒక గుంత. బండి ఎగిరి పడ్డది. ఎనక ఫట్‌మని తాడు తెగిన చప్పుడు... గన్‌మని ఏదో కిందపడి దొర్లుకుంట పోయిన చప్పుడు.

మొగులయ్య బ్రేకేసిండు.

సరిగ్గ పలక ముంగట ఆగింది బండి.

"మూత పడ్డది భాయ్. గంజు మూత."

"పోనియ్ మూత. మూత లేకున్నా తింటరు."

"సల్లారుతది! సల్లారితె ఆయన ఉండడు... నీకు ఎరక లేదు."

ఒకదిక్కు కాంటా. ఒకదిక్కు ప్రభాకర్. మొగులయ్య రెండు నిమిషాలు ఆలోచించి కిందికి దిగిండు. దిగంగ రెండు దిక్కుల ఇండికేటర్లు ఏసి దిగిండు. టిక్కు... టిక్కు... పసుపు ఎలుగు వచ్చుడు, పోవుడు. ఎలుగు వచ్చినప్పుడు పలక కానొస్తది. పోయినప్పుడు ఏం కానరాదు.

ఫోన్ లైటు వట్టుకొని ఎనకకు నడిచిండు. మూత చాన దూరం దొర్లి గడ్డిల పడ్డది. తీసుకొని మల్ల బండి దిక్కు వచ్చిండు. డోరు పైకి లేచి ఉన్నది. లోపల కటిక చీకటి.

లైటు లోపలికి కొట్టుటానికి ధైర్యం చాలలే. ఇంత దూరంల నిలబడి, మూతను అట్లనే లోపలికి ఇసిరిండు.

ధబ్‌మని తగిలింది.

"అమ్మ..." అని చిన్నగ ఇనిపిచ్చింది.

గంజు అట్ల సప్పుడు చేస్తదా? ఏమో... వేడి మీదున్న గంజు, మూత తగిలితె ఆవిరి తన్నుకొస్తది, అంటదేమో. అంటది. అంటదని మనసుకు నచ్చజెప్పుకున్నడు.

ఇగ డోరు గుంజి కింద ఏసిండు. కుడి కొక్కెం పడ్డది. ఎడమది పడలే. ఎడమ దిక్కు పోయి భుజమేసి కొట్టిండు. అది పడంగనే కుడిది ఊడింది. అటు ఉరుకుడు, ఇటు ఉరుకుడు. చెమటలు కారుతున్నయ్. కాంటా రూముల నుంచి గాలి ఊళవెట్టుతున్నది.

"యాకూబ్ భాయ్!" అని గొంతు తగ్గించి పిలిచిండు. దయ్యాలకు ఇనపడొద్దని ఆయన ఆలోచన. "భాయ్... జెర దిగు. నువ్వు ఎడమ మూల ఎత్తి పట్టు, నేను కుడి కొక్కెం ఏస్త."

మొగులయ్య మల్ల పిలిచిండు.

"దిగు భాయ్. నీ కాల్మొక్త."

ఇండికేటరు ఎలిగింది. ఆరింది. మల్ల ఎలిగింది.

డోరు ఎడమ మూల కింద రెండు చేతులున్నయ్.

మనిషి బండి పక్కకు, చీకట్ల ఉన్నడు. మోచేతుల కాడికే కానొస్తున్నయ్. హమ్మయ్య అనుకున్నడు మొగులయ్య.

"ఆ... ఎత్తు. ఇంకొంచెం. ఇంకొంచెం... ఆ, బస్ బస్!"

మూల లేచింది. ఎంత అల్కగ లేచిందంటె, కిటికీ పరదా ఎత్తినట్టు. టక్... టక్. రెండు కొక్కేలు ఒక్కసారే పడ్డయ్. కొత్త బండి కొన్ననాడు కూడ అంత మంచిగ పడలేదట.

మొగులయ్య కుడి దిక్కునుంచి ఉరికి వచ్చి క్యాబిన్ల పడ్డడు.

యాకూబ్ భాయ్ సీట్ల ఉన్నడు. కండ్లు గట్టిగ మూసుకున్నడు. అద్దం పైదాక ఎక్కిచ్చి ఉన్నది.

"అయ్యిందా?"

"అయ్యింది. నువ్వు చెయ్యేసినవ్ గాబట్టి అయ్యింది."

యాకూబ్ భాయ్ ఒక కన్ను తెరిచిండు.

"నేనేడ దిగిన?"

మొగులయ్య ఆయన ఒళ్లెకు చూసిండు. పల్లెం పల్లెంలెక్కనే ఉన్నది. అంచులదాక పాకం. మీద జీడిపప్పు పలుకు సుత కదలలే. ఆ పల్లెంతోటి మనిషి దిగి, ఎక్కి... అయ్యే పని కాదు.

ఇద్దరూ ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

గప్పుడే... ఎనక రేకు మీద...

ధన్. ధన్. ధన్.

బండి ఎట్ల కదిలిందో మొగులయ్యకు ఇప్పటికీ యాదికి లేదు. గేర్లు గీరుకుంట, గుంతలు చూడకుంట పోతున్నడు. ఎనక చప్పుడు ఆగలే. నడుమ నడుమ గొంతు కూడ వస్తున్నది.

"బాబూ... ఓ బాబూ..."

"ఏమంటున్నది?" యాకూబ్ భాయ్ గుసగుస.

"బాబూ అంటున్నది."

"మన దిక్కుది కాదు మొగులయ్యా. మనదయితె అన్నా అంటది."

"తలుపు తియ్యండి బాబూ..."

"తీస్తవా?"

"పాగల్‌వా భాయ్!"

ఒక మలుపుల బండి ఒరిగింది. ఎనక గంజులు గరగరమని జారి డోరుకు గుద్దుకున్నయ్. తర్వాత "హె... క్" అని ఒక చప్పుడు. మల్ల "హె... క్". అది మనిషి చేసే చప్పుడు కాదని యాకూబ్ భాయ్ అన్నడు. ఆయన ఒళ్లె పాకం అప్పుడు ఒలికింది.

ఇంద్రేశంల ఇంటి పక్క ఖాళీ ప్లాట్ల టెంటు ఏసిన్రు. లైట్లు ఎలుగుతున్నయ్. ఉంగరాలు మార్చుకునుడు అయిపోయింది. పిల్లగాని దిక్కోళ్లు వరుసల కూసొని ఖాళీ ప్లేట్ల దిక్కు చూస్తున్నరు. నడుమ ప్రభాకర్, చేతికి గడియారం, చూపు గడియారం మీద.

బండి వచ్చి ఆగంగనే నలుగురు పోరగాండ్లు గంజులు దించుటానికి ఉరికిన్రు. మొగులయ్య డోరుకు అడ్డం పడ్డడు.

"ఆగున్రి! ముట్టకున్రి!"

"ఏమైందే మామా?"

ఏం చెప్తడు? నిశ్చితార్థం నాడు, వియ్యంకుని ముంగట, కూర గంజుతో పాటు దయ్యాన్ని తెచ్చిన అని ఎట్ల చెప్తడు? "డోరు... పట్టుకున్నది" అన్నడు.

అది నిజమే అయింది. పోరగాండ్లు ఆయన్ని జరిపి కొక్కేలు గుంజిన్రు. కదలలే. లోపల గంజులు జారి డోరును నూకుతున్నయ్, కొక్కేలు బిర్రగ పట్టుకున్నయ్. సుత్తెతోటి కొడ్తె రేకు సొట్టపడ్డది గని కొక్కెం కదలలే.

గప్పుడు తనుశ్రీ వచ్చింది. పట్టుచీర, చేతినిండ గాజులు, ఏలికి కొత్త ఉంగరం. ఆమె పాశమైలారంల ఒక మందుల కంపెనిల క్వాలిటీ డిపార్ట్‌మెంట్ల చేస్తది. తండ్రి చెవికాడ మెల్లగ చెప్పింది.

"డాడీ... వాళ్లు చెప్పులేసుకుంటున్నరు."

మొగులయ్యకు ఏడుపు వచ్చినంత పని అయింది. "లోపల ఇంకోటున్నది బిడ్డా."

"ఏంది, ఇంకో కూరా?"

"కాదు. కాంటా కాడ... ఎక్కింది."

తనుశ్రీ డోరు దిక్కు చూసింది. లోపలినుంచి "హె... క్" అన్నది. ఆమె ఒక్క అడుగు ఎనకకు ఏసింది. మల్ల టెంటు దిక్కు చూసింది. ప్రభాకర్ లేచి నిలబడ్డడు. ఆయనెంట వెంకట సాయి, తండ్రి చొక్కా పట్టి గుంజుతున్నడు. పాపం, పిల్లగాని మొఖంల నెత్తురు చుక్క లేదు.

"దయ్యమే ఉన్నదనుకో. కూర కూడ ఉన్నది గదా?" అన్నది తనుశ్రీ.

"ఉన్నది."

"మరి తీయాలె. జాకీ ఏది?"

కొంగు నడుముకు చెక్కింది. ఇటుకలు పేర్చి, వాటి మీద జాకీ పెట్టిచ్చి, డోరు ఎడమ మూల కింద ఆనిచ్చింది. గాజులు గలగలమంటుంటె రాడ్ తిప్పింది. మూల ఒక వెంట్రుక వాసి లేచింది. ఇంకో వెంట్రుక...

"ఇప్పుడు ఊడగొట్టు డాడీ!"

మొగులయ్య కండ్లు మూసుకొని సుత్తె ఏసిండు.

కొక్కేలు ఎగిరినయ్. డోరు భళ్లుమని పైకి లేచింది.

లోపల తెల్లగ ఒకటి నిలబడి ఉన్నది. నెత్తినుంచి పాదాలదాక తెలుపు. మొఖం లేదు, తెలుపే. ఆ తెలుపుల నుంచి రెండు కండ్లు తెరుచుకున్నయ్. ఒక చేతిల బొక్క ఉన్నది, కొరికిన ఎముక.

"హె... క్" అన్నది.

ఇగ చూడున్రి. టెంటు కింద ఒక్క కుర్చీ నిలబడి లేదు. పోరగాండ్లు పక్క ప్లాటు గోడ దుంకిన్రు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఇడిసిపెట్టి లైటు స్టాండు వట్టుకొని ఉరికిండు. యాకూబ్ భాయ్ పల్లెంతోటి సహా బండి కిందికి దూరిండు. ప్రభాకర్ ఎప్పుడు ఎక్కిండో గని, పిల్లా పిల్లగాని కోసం అలంకరించిన సోఫా మీద నిలబడి ఉన్నడు.

తనుశ్రీ ఒక్కతే జాకీ రాడ్ లేపి నిలబడ్డది.

"మంచినీలండి బాబూ..." అన్నది ఆ తెల్లటిది. "ఎక్కిల్లు ఆగట్లేదండి... హెక్... కొంచెం మంచినీలు..."

నీళ్లు తాగిచ్చి, మొఖం మీది పెరుగు చట్నీ తుడిచి చూస్తె — మనిషి. శ్రీకాకుళం మనిషి, పేరు సూర్యారావు. కాంటా కంపెనికి సెక్యూరిటీ గార్డు. నిన్ననే డ్యూటీల చేరిండు. పొద్దటినుంచి టిఫిన్ డబ్బా తెచ్చేటోడు రాలేదట. కడుపుల కాలుతున్నది. చీకట్ల బండి ఆగింది, డోరు తెరిచి ఉన్నది, బగారా వాసన కొడుతున్నది...

"ఒక్క ముద్ద తినేసి దిగిపోదారనుకున్నానండి. ఈలోగా ఈ బాబుగారు వచ్చీసినారు. సిగ్గేసి గంజు ఎనకాతల నక్కినాను. నెత్తి మీద మూత ఇసిరేసినారు. తరవాత తలుపేసీసినారు. ఎంత మొత్తుకున్నా ఆపరే! ఆ మలుపుల కాడ పెరుగు బకెట్టు మీద పడిపోయిందండి."

అందరూ మెల్లమెల్లగ దాపుకొచ్చిన్రు. ఎవరో నవ్విన్రు. ఇంకొకలు అందుకున్నరు. ఇగ నవ్వుడే నవ్వుడు.

నవ్వనిది ప్రభాకర్ ఒక్కడే. సోఫా మీదినుంచి దిగిండు, సూర్యారావు ముంగట నిలబడ్డడు. నవ్వులు ఆగిపోయినయ్.

"తిన్నవా?" అన్నడు ప్రభాకర్.

"తి... తిన్నానండి. నాలుగు ముక్కలే."

"ఎట్లున్నది?"

సూర్యారావు చేతిలున్న బొక్క దిక్కు చూసుకున్నడు. "ఉప్పు సరిపోయిందండి. ముక్క బాగా ఉడికింది. ఇంకా పొగలొస్తన్నాదండి."

ప్రభాకర్ తలకాయ ఊపిండు. చెప్పులు ఇడిసిండు. కంచం ముంగట కూసున్నడు.

"వడ్డియ్యున్రి" అన్నడు.

అందరూ తిన్నరు. ప్రభాకర్ రెండుసార్లు మటన్ అడిగి ఏయించుకున్నడు. వెంకట సాయి మొఖంలకు నెత్తురు తిరిగొచ్చింది. సూర్యారావును పిల్లగాని దిక్కోళ్ల వరుసలనే కూసోబెట్టిన్రు.

మొగులయ్య ఆయన పక్కన వంగి కూర ఏసుకుంట అన్నడు. "ఏమన్నగని అన్నా, ఎడమ మూల నువ్వు ఎత్తినవ్ గాబట్టే నా డోరు పడ్డది. లేకుంటె తెల్లారేదాక ఆడనే ఉందును."

"నానేటి, ఎత్తడమేటండి బాబూ?" అన్నడు సూర్యారావు. "నాను లోపల ఉన్నాను కదా."

"మరి..."

"తలుపు కింద సందులోంచి సూసినాను. మీరు కుడేపున, ఇంకో ఆయన ఎడమేపున. మీ మనిషే కదండీ?"

మొగులయ్య చేతిల గంటె అట్లనే ఆగింది. యాకూబ్ భాయ్ దిక్కు చూసిండు. యాకూబ్ భాయ్ లేదన్నట్టు తల ఊపి, మల్ల పెదవులు కదిలిచ్చుడు మొదలువెట్టిండు.

"ఆకలికి కండ్లు తిరిగి ఉంటయ్" అన్నది మల్లమ్మ. అందరూ అదే అన్నరు. మొగులయ్య కూడ అదే అనుకున్నడు. అనుకోక ఏం చేస్తడు?

తిన్నంక మిగిలిన అన్నం, కూర గిన్నెలల్ల తీసి ఖాళీ గంజులు బండిల పెట్టిన్రు. వాసనకు కుక్కలు చేరుతున్నయని డోరు మూస్తానికి మొగులయ్య ఎనకకు పోయిండు. జాకీ తీసేసిన్రు గాబట్టి మూల మల్ల కిందికి జారి ఉన్నది. ప్రభాకర్ నోట్ల పాన్ వేసుకొని ఆడనే నిలబడ్డడు.

"కుదిరింది పో బావా" అన్నడు. "పెండ్లికి కూడ ఈ యాకూబే ఒండాలె."

మొగులయ్యకు కడుపు నిండింది. నవ్వుకుంట డోరు గుంజి కుడి కొక్కెం వట్టుకున్నడు.

"సూర్యారావన్నా! జెర వచ్చి ఆ ఎడమ మూల ఎత్తు."

మూల లేచింది.

"ఇంకొంచెం... ఆ, బస్ బస్."

టక్. టక్.

"వత్తన్నానండి బాబూ!" అని టెంటు ఆ చివరినుంచి సూర్యారావు కేకేసిండు. "సెయ్యి కడుక్కుంతన్నాను, ఒక్క నిమిషం!"

కుక్కలు తోకలు ముడుసుకొని ఎనకకు జరిగినయ్. ప్రభాకర్ ఎడమ మూల దిక్కు చూసుకుంట చాన సేపు పాన్ నమిలిండు. తర్వాత మెల్లగ మొగులయ్య భుజం మీద చెయ్యేసిండు.

"బావా..." అన్నడు గుసగుసగ. "ఇంకో ప్లేట్ పెట్టు. ముక్కలు మంచిగ ఎయ్యి."